రాక్ అండ్ రోల్ నాటి పాటలతో గంటసేపు రేడియో కార్యక్రమం చేయడం ఎలా?

అమెరికాలో చాలా ఊళ్ళలో స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుకునే చిన్న రేడియో స్టేషన్లు ఉన్నాయి. కొన్ని కాలేజీలవి, కొన్ని ఊరివాళ్ళు కలిసి పెట్టుకున్నవి. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2000లో లాభాపేక్ష లేని సంస్థలకు 100 వాట్ల శక్తితో ఎఫ్‌ఎం స్టేషన్ పెట్టుకునే వీలు కల్పించింది. అలాంటి స్టేషన్ ప్రసారం చుట్టూ అయిదారు కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. ఈ స్టేషన్లలో నాలుగైదు వారాల శిక్షణ తీసుకుంటే, పాటల మీద నిజమైన ఇష్టం ఉన్న ఎవరికైనా వారానికో గంట దొరికే అవకాశం ఉంటుంది. ఆ గంటలో 1950ల నాటి రాక్ అండ్ రోల్ పాటలు వినిపించాలనుకునే తెలుగువారి కోసం, నేను వారం వారం ఆ పని చేస్తూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే తక్కిన పనులన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఈ పాటలు ఇవాళ ఫోనులో ఎవరికైనా దొరుకుతాయి కాబట్టి, పాటను వినిపించడం ఒక్కటే మీ పని అయితే మీ అవసరం ఎవరికీ ఉండదు. ఆ పాట మొదటిసారి రేడియోలో వచ్చిన రోజున ఎలా వినిపించిందో, ఎవరి గొంతుతో, ఎవరి వాయిద్యంతో, ఏ పాటల పక్కన వినిపించిందో అలాగే శ్రోతకు అందించడం మీ పని. దానికి ఓపిక కావాలి. గంట కార్యక్రమానికి నాకు ఇప్పటికీ అయిదారు గంటల తయారీ పడుతుంది.

మొదటి పని: హద్దు గీసుకోండి

రాక్ అండ్ రోల్ ఎక్కడ మొదలైందన్న దాని మీద వాదనలు తెగవు. 1951 మార్చిలో మెంఫిస్ నగరంలో సామ్ ఫిలిప్స్ రికార్డింగ్ గదిలో ఐక్ టర్నర్ బృందం వాయించగా జాకీ బ్రెన్స్టన్ పాడిన ‘రాకెట్ 88’ దగ్గర మొదలైందని కొందరంటారు. అదే ఏడాది క్లీవ్‌లాండ్‌లో అలాన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత రాత్రిపూట నల్లజాతి గాయకుల రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు వేస్తూ, ఆ సంగీతానికి రాక్ అండ్ రోల్ అన్న పేరును జనంలోకి తీసుకువెళ్ళాడు. పాటల జనాదరణను లెక్కగట్టే పట్టికలనే ప్రమాణంగా తీసుకునేవారు మాత్రం 1955 జులై 9ని చెబుతారు. బిల్ హేలీ బృందం పాడిన ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ బిల్‌బోర్డ్ పత్రిక పట్టికలో మొదటి స్థానానికి చేరిన రోజు అది. ముగింపు విషయంలో ఇంత గొడవ లేదు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అనే ఇంగ్లండ్ బృందం అమెరికాలో అడుగుపెట్టడంతో రేడియోలో వినిపించే సంగీతమే మారిపోయింది.

నేను 1951 నుంచి 1963 చివరి దాకా అని గీసుకున్నాను. మీరు 1954 నుంచి 1959 వరకే అనుకోవచ్చు, అదీ మంచి హద్దే. ఏదైనా సరే, కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. హద్దు లేకపోతే ఏడాది తిరిగేసరికి మీకు తెలియకుండానే 1970ల పాటల్లోకి జారిపోతారు. పెద్ద వాణిజ్య స్టేషన్లలో జరిగింది అదే. న్యూయార్క్‌లోని డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 1972 నుంచి పాత పాటల స్టేషన్‌గా పేరు తెచ్చుకుంది. 2005 జూన్‌లో ఆ పద్ధతి మానుకుని, శ్రోతలు ఊరుకోకపోవడంతో 2007 జులైలో మళ్ళీ మొదలుపెట్టింది. కానీ తిరిగి వచ్చేసరికి 1950ల పాటలకు అక్కడ చోటు బాగా తగ్గిపోయింది. ఆ పాటలకు ఇప్పుడు మిగిలిన చోటు మీలాంటి వారు చేసే ఆ ఒక్క గంటే.

రెండో పని: అసలు రికార్డింగ్ ఏదో తేల్చుకోండి

నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే.

ఆ కాలపు గాయకులు చాలామంది కంపెనీ మారినప్పుడు తమ పాత విజయాలనే కొత్త కంపెనీ కోసం మళ్ళీ పాడారు. పాత రికార్డింగుల మీద హక్కు పాత కంపెనీదే కాబట్టి, కొత్త కంపెనీ అమ్ముకోవడానికి కొత్త రికార్డింగులు కావలసి వచ్చాయి. లిటిల్ రిచర్డ్ 1964లో వీజే కంపెనీకి, ఎవర్లీ సోదరులు అదే ఏడాది వార్నర్ కంపెనీకి, చక్ బెర్రీ 1967లో మెర్క్యురీ కంపెనీకి అలా తిరిగి పాడి ఇచ్చారు. గాయకుడూ వాడే, పాటా అదే. కానీ స్టూడియో వేరు, వాయించేవారు వేరు, గొంతులో వయసు వేరు. చవకగా దొరికే సంకలనాల్లోనూ, అంతర్జాలంలో పాటలు వినిపించే యాప్‌లలోనూ ఈ రెండో రికార్డింగులు అసలువాటితో కలిసిపోయి ఉంటాయి. పైన ముద్రించిన పేరు చూసి మాత్రం తేడా కనిపెట్టలేరు.

కార్యక్రమం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే మోసపోయాను. ఒక సంకలనంలోంచి ఎవర్లీ సోదరుల పాట తీసి, ఇది 1957లో వచ్చిందని చెప్పి వేశాను. పాట సగంలో ఉండగానే స్టూడియో ఫోను మోగింది. అవతల ఒక పెద్దాయన. కోపం లేదు, నెమ్మదిగా మాట్లాడాడు. “బాబూ, ఇది నేను హైస్కూల్లో ఉండగా విన్నది కాదు. మొదట్లో గిటారు ఇలా ఉండదు,” అన్నాడు. ఇంటికి వెళ్ళి రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఆయన చెప్పిందే నిజమని తేలింది. తర్వాతి వారం శ్రోతలకు క్షమాపణ చెప్పి అసలుది వినిపించాను. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఒక మనిషి చెవిలో ఒక గిటారు మోత అంత కచ్చితంగా నిలిచి ఉందంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆ రోజు నాకు అర్థమైంది.

కాబట్టి ప్రతి పాటకూ ఈ నాలుగు విషయాలు సరిచూసుకోండి. మొదటిది, పాట మొదట ఏ కంపెనీ రికార్డుగా వచ్చింది, మీ దగ్గర ఉన్నది ఆ కంపెనీ నుంచో దాని వారసుల నుంచో వచ్చిందా అన్నది. చక్ బెర్రీ అయితే చెస్, లిటిల్ రిచర్డ్ అయితే స్పెషాలిటీ, ఫ్యాట్స్ డామినో అయితే ఇంపీరియల్, ఎవర్లీ సోదరుల తొలి పాటలైతే కేడెన్స్. రెండోది నిడివి. పాత రికార్డు ముఖం మీద ముద్రించిన నిడివికీ మీ దగ్గరున్నదానికీ పది సెకన్లకు మించి తేడా ఉంటే అనుమానించాలి. మూడోది, అది మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని) ఉందా స్టీరియోలో (ఒక్కో స్పీకరులో ఒక్కో రకం ధ్వని) ఉందా అన్నది. 1957కు ముందు వచ్చిన పాట రెండు స్పీకర్లలో రెండు రకాలుగా వినిపిస్తే అది తర్వాత పాడినదైనా కావాలి, లేదా 1960లలో కంపెనీలు మోనో రికార్డింగుకు పైస్థాయి ధ్వనులను ఒక పక్కకు, కిందిస్థాయి ధ్వనులను ఇంకో పక్కకు తోసి, కొంత ప్రతిధ్వని కలిపి తయారుచేసిన దొంగ స్టీరియో అయినా కావాలి. రెండూ వద్దు. నాలుగోది మీ చెవి. అసలు రికార్డును ఒక్కసారైనా హెడ్‌ఫోన్స్‌తో మొదటి నుంచి చివరి దాకా విని ఉంటే, రెండో రికార్డింగు ఎదురైనప్పుడు మొదటి ఇరవై సెకన్లలోనే పట్టుకుంటారు.

అసలు రికార్డింగు అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఒక పాటను మొదట ఎవరు పాడారు? 1950లలో నల్లజాతి గాయకుల పాట ఏదైనా మంచి పేరు తెచ్చుకోవడం మొదలుకాగానే, పెద్ద కంపెనీలు అదే పాటను తెల్లజాతి గాయకుల చేత పాడించి మార్కెట్లోకి తోసేవి. న్యూయార్క్‌కు చెందిన ద కార్డ్స్ అనే బృందం 1954లో పాడిన ‘ష్‌బూమ్’ను కెనడా నుంచి వచ్చిన క్రూ కట్స్ బృందం వెంటనే పాడి పట్టికలో మొదటి స్థానానికి తీసుకువెళ్ళింది. లిటిల్ రిచర్డ్ ‘టూటీ ఫ్రూటీ’ పాప్ పట్టికలో 17వ స్థానం దగ్గర ఆగిపోతే, ప్యాట్ బూన్ పాడిన అదే పాట 12వ స్థానం దాకా వెళ్ళింది. ఎల్విస్ ప్రెస్లీ పాటగా లోకమంతా ఎరిగిన ‘హౌండ్ డాగ్’ను 1952లో బిగ్ మామా థార్న్‌టన్ పాడింది. ఆమె పాట 1953లో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

మీ కార్యక్రమంలో మొదట పాడినవారికే మొదటి చోటు ఇవ్వండి. ఎల్విస్ పాట వేయకూడదని నా ఉద్దేశం కాదు. థార్న్‌టన్ పాట వేసి, ఆ వెంటనే ఎల్విస్ పాట వేస్తే, మాటల్లో ఎంత చెప్పినా అర్థం కానిది అయిదు నిమిషాల్లో శ్రోత చెవికే తెలిసిపోతుంది. ఆమెది నెమ్మదిగా, గుండెల్లోంచి మొరిగినట్టు సాగుతుంది. అతనిది డ్రమ్ము దెబ్బలతో తరుముకుంటూ పోతుంది. రెండూ గొప్పవే, కానీ ఎవరిది ఎవరిదో శ్రోతకు తెలియాలి.

మూడో పని: ఒక్కో పాటకు ఒక్కో కార్డు రాసుకోండి

నేను అరచేతిలో పట్టే అట్ట ముక్కల మీద రాసుకుంటాను. కంప్యూటర్లో రాసుకున్నా తప్పు లేదు, కానీ మైకు ముందు కూర్చున్నప్పుడు చేతిలో అట్ట ముక్క ఉంటే తెర వైపు చూడనక్కర్లేదు. కార్డు మీద ఏముండాలో ఒక ఉదాహరణతో చెబుతాను.

‘రాక్ అరౌండ్ ద క్లాక్’. బిల్ హేలీ అండ్ హిజ్ కామెట్స్. డెక్కా కంపెనీ. రికార్డయింది 1954 ఏప్రిల్ 12న, న్యూయార్క్‌లోని పైథియన్ టెంపుల్ అనే భవనంలో. మొదట రికార్డుకు రెండో వైపు పాటగా వచ్చి అంతంతమాత్రంగా అమ్ముడైంది. 1955లో ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ సినిమా మొదట్లో దాన్ని వాడుకున్న తర్వాతే దేశమంతా పాకింది. గిటారు వాయించినది డానీ సెడ్రోన్. మధ్యలో వచ్చే ఆ మెరుపులాంటి గిటారు ముక్కను అతను 1952లో ‘రాక్ ద జాయింట్’ అనే పాటలో వాయించినదే మళ్ళీ వాయించాడు. 1954 జూన్‌లో మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. పాట సాధించిన విజయం అతను చూడలేదు. నిడివి 2 నిమిషాల 8 సెకన్లు. మొదలు: దాదాపు వెంటనే గొంతుతో మొదలవుతుంది. ముగింపు: తెగినట్టు ఒక్కసారిగా ఆగుతుంది.

ఈ చివరి రెండు వాక్యాలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ ప్రసారం చేసేటప్పుడు మిమ్మల్ని కాపాడేవి అవే. గొంతుతో మొదలయ్యే పాట మీద మీరు మాట్లాడకూడదు. మాట పూర్తి చేసి, ఊపిరి తీసుకునేంత వ్యవధి ఇచ్చి, అప్పుడు పాట వదలాలి. వాయిద్యంతో మొదలయ్యే పాటైతే గాయకుడి గొంతు వచ్చే లోపల ఎన్ని సెకన్లున్నాయో రాసుకుంటే, ఆ కాస్త వ్యవధిలో గాయకుడి పేరు చెప్పుకోవచ్చు. చక్ బెర్రీ ‘జానీ బీ గుడ్’ మొదట్లో వచ్చే గిటారు మీద మాత్రం దయచేసి మాట్లాడకండి. 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు పూత రికార్డులో చోటు దక్కించుకున్న పాట అది. ఆ గిటారు వినడానికే సగం మంది రేడియో పెడతారు. మెల్లగా తగ్గుతూ ముగిసే పాటా, తెగినట్టు ముగిసే పాటా అన్నది తెలిస్తే, తర్వాతి పాటను ఎప్పుడు వదలాలో ముందే సిద్ధంగా ఉండవచ్చు.

నాలుగో పని: గంటను పేర్చడం

లెక్క సులువు. ఆ కాలపు పాటలు సగటున రెండున్నర నిమిషాలుంటాయి. గంటలో మీ మాటలకు, స్టేషన్ ప్రకటనలకు కలిపి పన్నెండు, పదమూడు నిమిషాలు పక్కన పెడితే, పద్దెనిమిది పాటలు పడతాయి. గంట మారే సమయానికి వీలైనంత దగ్గరలో, పాటకూ పాటకూ మధ్య సహజంగా వచ్చే విరామంలో, స్టేషన్ సంకేతనామాన్నీ ఆ వెంటనే లైసెన్సు ఉన్న ఊరి పేరునూ చెప్పడం ఎఫ్‌సీసీ నిబంధన. ఆ చోటును పేర్పులో ముందే ఖాళీ ఉంచుకోండి.

లెక్కకన్నా కష్టమైనది పక్కపక్కన ఏవి పెట్టాలన్నది. పేరున్న పద్దెనిమిది పాటలను ఇష్టం వచ్చినట్టు వరుసగా పేరిస్తే కార్యక్రమం కాదు. మూడేసి పాటలను ఒక కట్టగా కట్టి, ఆ మూడింటినీ కలిపే దారం ఒకటి ఉండేలా చూసుకోండి. ఊరు కావచ్చు, స్టూడియో కావచ్చు, ఒక వాద్యకారుడు కావచ్చు, ఒకే నెల కావచ్చు.

నాకు బాగా నచ్చిన కట్ట ఒకటి చెబుతాను. న్యూ ఆర్లీన్స్ నగరంలో నార్త్ రాంపార్ట్ వీధిలో కోసిమో మటాసా అనే ఆయనకు గృహోపకరణాలూ రికార్డులూ అమ్మే కొట్టు ఉండేది. ఆ కొట్టు వెనక గదిలో ఆయన జే అండ్ ఎం అనే చిన్న స్టూడియో పెట్టాడు. 1949 డిసెంబరులో ఫ్యాట్స్ డామినో ‘ద ఫ్యాట్ మ్యాన్’, 1952లో లాయిడ్ ప్రైస్ ‘లాడీ మిస్ క్లాడీ’, 1955 సెప్టెంబరు 14న లిటిల్ రిచర్డ్ ‘టూటీ ఫ్రూటీ’ ఆ గదిలోనే రికార్డయ్యాయి. మూడింటిలోనూ డ్రమ్స్ వాయించినది ఒక్కడే, ఎర్ల్ పామర్. లాయిడ్ ప్రైస్ పాటలో పియానో వాయించినది ఫ్యాట్స్ డామినో. ఈ మూడు పాటలూ అదే వరుసలో వేసి, శ్రోతలను డ్రమ్ము మీదే చెవి పెట్టమని ముందుగా అడగండి. మొదటి రెండింటిలో ఊగుతూ నడిచే దరువు, మూడో పాటకు వచ్చేసరికి తిన్నగా, తెంపు లేకుండా పరుగెడుతుంది. పియానో మీద రిచర్డ్ కుడిచేతి వేగాన్ని అందుకోవడం కోసమే అలా వాయించడం మొదలుపెట్టానని పామర్ తర్వాతి కాలంలో చెప్పాడు. రాక్ అండ్ రోల్ దరువు పుట్టడం ఎనిమిది నిమిషాల్లో చెవితో వినవచ్చు. ఉపన్యాసం అక్కర్లేదు. మొదటి పాట నా హద్దుకు రెండేళ్ళ ముందుది. ఇలాంటి చోట హద్దు దాటడం తప్పు కాదు, కానీ ఎందుకు దాటుతున్నారో శ్రోతకు చెప్పి దాటండి.

వేగం విషయంలో మన కచేరీల పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. వరుసగా మూడు జోరైన పాటలు వేశాక నెమ్మదిగా సాగే బృందగానం ఒకటి పడాలి. ఫైవ్ శాటిన్స్ 1956లో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో ఒక చర్చి నేలమాళిగలో రికార్డు చేసిన ‘ఇన్ ద స్టిల్ ఆఫ్ ద నైట్’ లాంటి పాట తర్వాత కొద్ది క్షణాలు మౌనం కూడా బాగుంటుంది.

ఫిబ్రవరి 3 దగ్గరకు వచ్చే వారం కార్యక్రమాన్ని మాత్రం ప్రత్యేకంగా ఆలోచించుకోండి. 1959లో ఆ రోజున అయోవా రాష్ట్రంలోని క్లియర్ లేక్ దగ్గర విమానం కూలి బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, బిగ్ బాపర్ చనిపోయారు. హాలీకి 22 ఏళ్ళు, వాలెన్స్‌కు 17. బిగ్ బాపర్ అసలు వృత్తి రేడియో వ్యాఖ్యానమే, టెక్సస్‌లోని బోమాంట్‌లో అతనూ మనలాగే మైకు ముందు కూర్చుని పాటలు వేసినవాడు. ఆ గంటలో విషాదాన్ని పెంచే మాటలు వద్దు. ముగ్గురి పాటలూ వేసి, పేర్లు, వయసులు చెప్తే చాలు.

మీ స్టేషన్ అంతర్జాలంలో కూడా వినిపిస్తుంటే కొన్ని అదనపు నిబంధనలు వర్తిస్తాయి. మూడు గంటల వ్యవధిలో ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు మించి, ఒకే గాయకుడివి నాలుగు పాటలకు మించి వేయకూడదు. ఆల్బమ్ పాటలు వరుసగా రెండు, గాయకుడి పాటలు వరుసగా మూడు దాటకూడదు. ఏ పాట ఎప్పుడు వస్తుందో ముందుగా జాబితా ప్రకటించకూడదు. 1972కు ముందు వచ్చిన రికార్డింగులకు కూడా అంతర్జాల ప్రసారాల మీద ప్రతిఫలం చెల్లించాలని 2018 చట్టం చెబుతోంది. మామూలు ఎఫ్‌ఎం ప్రసారం మీద పాట రాసినవారికి డబ్బు వెళ్తుంది కానీ పాడినవారికి వెళ్ళదు. అంతర్జాలం ద్వారా వెళ్తున్న ఆ కొద్ది మొత్తమైనా ఆ వృద్ధ గాయకులకు, వారి కుటుంబాలకు చేరాలంటే మీరు వేసిన ప్రతి పాట వివరం సరిగ్గా నమోదు కావాలి. పాట పేరు, పాడినవారు, కంపెనీ, ఆల్బమ్ ఉంటే అది, ఏదీ వదలకుండా ఆ రోజే రాయండి.

అయిదో పని: ఏం మాట్లాడాలి, ఎంత మాట్లాడాలి

కట్టకు ముందు ముప్పై నుంచి నలభై సెకన్లు, కట్ట అయిపోయాక వేసిన పాటల పేర్లు, పాడినవారి పేర్లు. ఇంతకన్నా ఎక్కువ మాట్లాడితే శ్రోత చెయ్యి రేడియో మీదకు వెళ్తుంది. చెప్పదలచుకున్నది ముందే రాసుకుని, రెండుసార్లు పైకి చదువుకుని, గడియారం చూసుకోండి. కార్డు మీద పది వివరాలుంటే మైకు ముందు ఒక్కటి చెప్పండి. తక్కిన తొమ్మిది వచ్చే నెలకు, ఆపై ఏడాదికి పనికొస్తాయి.

ఆ ఒక్క వివరం కంటికి కట్టేలా ఉండాలి. 1954 జులైలో మెంఫిస్‌లో డ్యూయీ ఫిలిప్స్ అనే వ్యాఖ్యాత ఎల్విస్ మొదటి రికార్డును ఒకే రాత్రి మళ్ళీ మళ్ళీ వేశాడు. ఫోన్లు ఆగకపోవడంతో ఆ కుర్రాణ్ణి స్టూడియోకు పిలిపించాడు. మాటల్లో మాటగా ఏ హైస్కూల్లో చదివావని అడిగాడు. స్కూళ్ళు జాతుల వారీగా వేరుగా ఉన్న ఆ కాలంలో స్కూలు పేరు చెప్తే పాడినవాడు తెల్లవాడని శ్రోతలకు తెలిసిపోతుంది. గొంతు విన్నవాళ్ళు చాలామంది నల్లజాతి యువకుడనుకున్నారు. ఆ కాలపు అమెరికాను అర్థం చేయించడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

“ప్రపంచంలో మొట్టమొదటి”, “ఎప్పటికీ గొప్ప” అన్న మాటలకు దూరంగా ఉండండి. తేదీ రెండు చోట్ల సరిపోలకపోతే నెల చెప్పండి, నెలా సరిపోలకపోతే ఏడాది చెప్పండి. మీ శ్రోతల్లో ఆ పాటలతో పెరిగినవారు ఉంటారు. వారి ముందు తప్పు చెబితే మళ్ళీ నమ్మకం కుదరడానికి చాలా వారాలు పడుతుంది.

ఉచ్చారణ గురించి మనవాళ్ళు అనవసరంగా బెంగపడతారు. అమెరికా వారి యాసను తెచ్చిపెట్టుకోకండి. మీ సహజమైన గొంతుతో, కాస్త నిదానంగా, పేర్లు స్పష్టంగా పలికితే చాలు. గాయకుల పేర్లను మాత్రం వారి పాత ఇంటర్వ్యూలు విని వారు పలికినట్టే నేర్చుకోండి. అది వారికి మనమిచ్చే మర్యాద.

ఆరో పని: బల్ల దగ్గర

కంప్యూటర్లోంచి పాటల ఫైళ్ళు వేసేవారికి ఇక్కడ చెప్పవలసింది ఒక్కటే. 1951 నాటి రికార్డింగు, 1962 నాటి రికార్డింగు ఒకే ధ్వని స్థాయిలో ఉండవు కాబట్టి, ప్రతి పాటా ముందుగా విని స్థాయి గుర్తు రాసుకోండి. పాత పాటకు మీరుగా ప్రతిధ్వని కలపకండి. సామ్ ఫిలిప్స్ రెండు టేపు యంత్రాల మధ్య క్షణంలో వెయ్యో వంతులు లెక్కపెట్టుకుంటూ తెచ్చిన ప్రతిధ్వని మీద ఇంకొకటి కలిపితే పాట బురదైపోతుంది.

అసలు రికార్డులు వేసేవారు మాత్రం కాస్త చేతి సాధన చేసుకోవాలి. ఆర్‌సీఏ కంపెనీ 1949లో తెచ్చిన, నిమిషానికి 45 చుట్లు తిరిగే ‘45’ రికార్డు ఏడు అంగుళాలుంటుంది, మధ్యలో అంగుళంన్నర బెజ్జం ఉంటుంది. మామూలు ఇరుసు మీద అది నిలవడానికి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి కావాలి. రెండు బిళ్ళలు సంచిలో ఉంచుకోండి, ఒకటి ఎప్పుడూ ఎక్కడో పోతుంది. ముల్లును గాడిలో దించి, హెడ్‌ఫోన్స్‌లో వింటూ, మొదటి ధ్వని వచ్చేదాకా రికార్డును వేలితో తిప్పండి. ధ్వని వినపడగానే వెనక్కి పావు చుట్టు, యంత్రం నెమ్మదిగా పుంజుకునేదైతే అర చుట్టు తిప్పి ఆపండి. మీట నొక్కిన క్షణానికి పాట మొదలయ్యే క్షణానికి మధ్య పళ్ళెం వేగం అందుకోవడానికి ఆ పావు చుట్టు సరిపోతుంది. అంతకన్నా తక్కువ తిప్పితే పాట మొదట్లో గొంతు మూలుగుతుంది.

1950ల నుంచి కొన్ని కంపెనీలు 45లను వినైల్‌తో కాక స్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్‌తో చేశాయి. వాటిని ఇలా ముందుకూ వెనక్కూ తిప్పితే మొదటి గాడులు అరిగి, పాట ఆరంభంలో శాశ్వతంగా బుస్సుమనే చప్పుడు నిలిచిపోతుంది. పాత స్టేషన్ల నుంచి వచ్చిన రికార్డుల్లో చాలావాటికి ఈ గాయం ఉంటుంది. గోటితో అంచును మెల్లగా తట్టి చూడండి, వినైల్ మెత్తగా పలుకుతుంది, స్టైరీన్ టిక్కుమంటుంది. స్టైరీన్ రికార్డు అని తేలితే దాన్ని ఇంట్లోనే ఒకసారి ఫైలుగా ఎక్కించి, స్టూడియోలో ఫైలే వేయండి. ఇక 78 రికార్డులకు ఆ గాడి వెడల్పుకు తగిన వేరే ముల్లు కావాలి. 45 ముల్లుతో వాటిని వేయవద్దు.

ఏడో పని: కోరిన పాటలు

జనరంజనిలో పాట కోరినవారి పేర్లూ ఊళ్ళ పేర్లూ వరుసగా చదువుతుంటే మన పేరు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నవారికి ఈ పని గురించి వేరే చెప్పనక్కర్లేదు. అమెరికాలో ఈ పాటలకు ఆ సంప్రదాయాన్ని పెంచి పోషించినవాడు లాస్ ఏంజెలిస్ వ్యాఖ్యాత ఆర్ట్ లబో. పాత పాటలకు ‘ఓల్డీస్ బట్ గూడీస్’ అన్న పేరుతో 1959లో ఆయన వేసిన సంకలనంతో ఆ మాట దేశమంతటా నాటుకుంది. జైళ్ళలో ఉన్నవారి కోసం వారి భార్యలు, తల్లులు, పిల్లలు ఆయన కార్యక్రమానికి ఫోను చేసి పాట అంకితమిచ్చేవారు. 2022 అక్టోబరులో 97 ఏళ్ళ వయసులో చనిపోయేదాకా ఆయన ఆ పని మానలేదు.

ఫోనులో మాట్లాడేవారి గొంతును ప్రసారం చేసే ముందు, లేదా రికార్డు చేసే ముందు, ఆ సంగతి వారికి చెప్పి తీరాలి. అది నిబంధన. అడిగిన పాట వెంటనే వేయడం కుదరకపోతే పుస్తకంలో పేరు, పాట, ఎవరి కోసమో రాసుకుని, వచ్చే వారం ఆ పేరుతో సహా వేయండి. ఆ పుస్తకం పారేయకండి. మొదటిసారి ప్రేమించినవాడితో ఏ పాటకు నాట్యం చేసిందో చెప్పిన ఎనభై ఏళ్ళ ఆమె, వచ్చే ఏడాది ఫోను చేసినప్పుడు మీకు ఆ పాట గుర్తుంటే ఎంత సంతోషిస్తుందో నేను విన్నాను.

చివరి నిమిషం

చివరి పాట గంట ముల్లుతో పాటు కచ్చితంగా ముగియడం అరుదు. ఎప్పుడూ ఒకటిన్నర నిమిషమో రెండు నిమిషాలో మిగిలిపోతాయి. అందుకోసం పొట్టి పాటలు నాలుగు విడిగా పెట్టుకోండి. వాటిలో మొదటిది మారిస్ విలియమ్స్ అండ్ ద జోడియాక్స్ 1960లో పాడిన ‘స్టే’ కావాలి. ఒకటిన్నర నిమిషం దాటి కొద్ది సెకన్లే ఉంటుంది, అయినా ఆ ఏడాది నవంబరులో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. గడియారంలో 58 నిమిషాలు దాటేసరికి మీ వీడ్కోలు మాట ముగించి, ఆ పాట వదిలి, అది వినిపిస్తుండగానే రికార్డులన్నీ వాటి కవర్లలో పెట్టుకోండి, ప్లాస్టిక్ బిళ్ళలు సంచిలో వేసుకోండి, పాటల నమోదు కాగితం సరిచూడండి. అప్పటికి తర్వాతి కార్యక్రమం వారు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. పాట ఆగేసరికి వారికి కుర్చీ ఖాళీ చేసి ఇవ్వండి.